రెండక్షరాల నాన్నగారి ఊరు

మా కింది వాటాలో ఉండే హెల్గా క్లైన్ గారితో నా పరిచయం ఒక ఫిర్యాదుతో మొదలైంది. మ్యూనిక్ శివారు ఉంటర్‌ఫ్యోరింగ్‌కు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, సూట్‌కేసులో మోసుకొచ్చిన చిన్న రోట్లో గారెల పప్పు రుబ్బుతున్నాను. ఆదివారం ఈ దేశంలో చప్పుడు చేయకూడదని నాకెవరూ చెప్పలేదు. తలుపు తీసేసరికి పొడుగాటి పెద్దావిడ నిలబడి ఉన్నారు. వెండిరంగు ఉంగరాల జుట్టు, రంగులో అచ్చం మా మేనత్త, భాష మాత్రం కల్తీ లేని జర్మన్. "గోడలోంచి ఎవరైనా బయటికి రావాలని చూస్తున్నారా?" అని అడిగారు. నాకు అప్పటికి వచ్చిన జర్మన్‌లో ఆ ప్రశ్నకు జవాబు లేదు కనుక నాలుగు గారెలు పళ్ళెంలో పెట్టి చేతికిచ్చాను. అప్పటినుంచి ఆదివారం నా రోలు మోగకపోతే "ఒంట్లో బాగాలేదా?" అని ఆవిడే పైకి వస్తారు.

ఆవిడ నన్ను "ఫ్రావ్ సూర్యనారాయణ", అంటే శ్రీమతి సూర్యనారాయణ, అని పిలుస్తారు. అది మా నాన్నగారి పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉండాల్సిన చోట నాన్న పేరు పడింది. దాన్నే ఇక్కడ చిరునామాలు నమోదు చేసే అన్‌మెల్డుంగ్ ఆఫీసువాళ్ళు ఖాయం చేశారు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడికి పంపకుండా నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి లెక్కలూ, పద్యాలూ, దేశాల చరిత్రా చెప్పారు. ఆయన పేరు ఇప్పుడు పళ్ళ డాక్టరు దగ్గరా, పోస్టాఫీసులోనూ తెల్లవాళ్ళు నోరారా పిలుస్తుంటే, ఆఫీసు పొరపాటుకు కూడా దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

ఒకరోజు ఈ సంగతి చెబితే హెల్గా గారు నవ్వలేదు. "నువ్వు అదృష్టవంతురాలివి. నాకు మా నాన్న పేరే తెలియదు" అన్నారు.

ఆ మాట మీద మొదలైంది ఈ ప్రయాణం.

యుద్ధం ముగిసిన కొత్తల్లో ఆవిడ తండ్రి అమెరికా సైన్యంతో జర్మనీ పడమటి అంచున ఫాల్ట్స్ కొండల్లోని ఒక ఊరికి వచ్చాడు. నల్లజాతి సిపాయి. అప్పటికి వాళ్ళ సైన్యంలో నల్లవాళ్ళ దళాలు వేరు, తెల్లవాళ్ళ దళాలు వేరు. ఊళ్ళో హెల్గా గారి తాతకు భోజనశాల ఉండేది. ఆ ఇంటి పిల్లను ఈ సిపాయి ప్రేమించాడు. పెళ్ళికి పై అధికారి అనుమతి కావాలి. అధికారి అనుమతికి బదులు బదిలీ ఇచ్చాడు. పిల్ల పుట్టేసరికి సిపాయి సముద్రం అవతల ఉన్నాడు. అతని సొంత రాష్ట్రంలో నల్లవాడు తెల్లపిల్లను పెళ్ళాడటం చట్టరీత్యా నేరం. తల్లికి తెలిసింది ఒక్కటే: అతన్ని అందరూ జె. టి. బెల్ అంటారు. ఆ రెండక్షరాలకు అర్థమేమిటని అడిగితే, పెళ్ళినాడు చెబుతానన్నాడట.

ఈమధ్య గొట్టంలో ఉమ్మి వేసి పంపితే చుట్టాలను వెతికిపెట్టే పరీక్షలు వచ్చాయి కదా. హెల్గా గారు పంపారు. అమెరికాలో ఒక చెల్లెలు దొరికింది. రూత్ బెల్. అదే తండ్రి తర్వాత అక్కడ చేసుకున్న పెళ్ళిలో పుట్టిన బిడ్డ. ఆయన పోయాడు, భార్యా పోయింది, ఆయన పేరు తెలిసిన మనుషుల్లో మిగిలింది ఈవిడొక్కతే. ఫోన్‌లో తేల్చి చెప్పిందట. "నేను ఆ ఊరు చూడటానికి ఎలాగూ వస్తున్నాను. ఒక గంట కలుద్దాం. ఆయన ఫోటో చూపిస్తాను, ఎలా పోయాడో చెబుతాను. పేరు మాత్రం అడగకు. అది ఇంటివాళ్ళది."

"నాతో రావాలి" అన్నారు హెల్గా గారు. "నా స్నేహితురాళ్ళంతా మర్యాదస్తులు. వాళ్ళతో వెళితే గంటసేపు మర్యాదగా కూర్చుని మర్యాదగా తిరిగొస్తాను. నాకు మర్యాద తక్కువ మనిషి కావాలి."

దేవుడు నాకిచ్చిన గుణాల్లో ఇన్నాళ్ళకు ఒకటి ఎవరికో పనికొచ్చిందని సంతోషంగా ఒప్పుకున్నాను.

ఆగస్టు చివరి శనివారం, పొద్దున్న ఆరున్నరకు బయలుదేరాం. మావారు స్టేషన్ దాకా సంచి మోస్తూ గొణుగుతూనే ఉన్నారు. "ఐసీఈ ఎక్స్‌ప్రెస్ బుక్ చేస్తానంటే వినవు. సగం టైములో పడేసేది కదా! ఈ పాసింజరు బళ్ళేమిటి, పెద్దావిడతో?"

"ఐసీఈలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరండీ. పైగా నెలవారీ టికెట్టు ఊరికే పోతోంది."

పదేళ్ళ మా అమ్మాయి తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిచ్చే రకం. "మామా, డు ఫెర్‌లౌఫ్‌స్ట్ డిష్ బెష్టిమ్ట్" అంది. అమ్మా, నువ్వు తప్పకుండా తప్పిపోతావు అని దీవెన. నుదుటి మీద ముద్దు పెట్టి లోకల్ రైలు ఎస్-బాన్ ఎక్కాను.

ఈ దారిన వెళ్ళదలచినవారికి వివరం చెబుతాను. నెలవారీ టికెట్టు మీద ప్రాంతీయ రైళ్ళు మాత్రమే ఎక్కాలి. మ్యూనిక్ నుంచి ఉల్మ్, అక్కడ మారి స్టుట్‌గార్ట్, అక్కడ మారి మాన్‌హైమ్, అక్కడ మారి కైజర్స్‌లౌటర్న్. ఆపైన బస్సు. శనివారమే వెళ్ళండి, ఆదివారం ఆ కొండల్లో బస్సు కనబడితే అది దారి తప్పిన బస్సే. పులిహోర పట్టుకెళ్ళండి, పెరుగన్నం వద్దు. ఉల్మ్ దాటేలోపు మూత తనంతట తానే తెరుచుకుని నా చీర కుచ్చిళ్ళను ప్రసాదం చేసింది.

హెల్గా గారు పులిహోరలో పల్లీలు ఏరుకుని ముందు తిన్నారు. "ఇంగ్లీషు తరగతిలో మా టీచరు చెప్పింది. అమెరికావాళ్ళను మొదటి పేరుతో పిలిస్తే కరిగిపోతారట. ఇంటిపేరుతో పిలిస్తే ముఖం మీద తలుపు వేసినట్టట. వారం రోజుల నుంచి అద్దం ముందు సాధన చేస్తున్నాను." అని కిటికీ వైపు తిరిగి చేతులు చాచి, "హలో, రూత్!" అన్నారు. ఎదురుగా కూర్చున్న పిల్లవాడు ఉలిక్కిపడి వాళ్ళమ్మ ఒళ్ళోకి ఎక్కాడు.

ఇరవై ఏళ్ళు పక్కపక్క ఇళ్ళలో ఉన్నా ఆడవారికి "ఫ్రావ్", మగవారికి "హెర్" వదలని దేశంలో పెరిగిన మనిషికి ఇదెంత కష్టమో నాకు తెలుసు. మెచ్చుకున్నాను. తర్వాత ఆ మెప్పుకు నాలుక కరుచుకోవలసి వచ్చింది.

స్టుట్‌గార్ట్ నుంచి మాన్‌హైమ్ వెళ్ళే బండిలో సైకిలు పట్టుకున్న ఒక పెద్దమనిషి మా మాటల్లో అమెరికా వినబడి చొరవగా కలిశాడు. "ఎవరేమన్నా, మనకు ప్రజాస్వామ్యం నేర్పింది వాళ్ళే" అన్నాడు.

"నేర్పారు" అన్నారు హెల్గా గారు. "మాస్టర్లు మాత్రం వేరు వేరు బెంచీల మీద కూర్చుని నేర్పారు."

ఆయన తర్వాతి స్టేషన్‌లో సైకిలుతో సహా దిగిపోయాడు. అక్కడే దిగాలేమో, పాపం.

ఆ ఊపులో ఆవిడ చిన్నతనం చెప్పారు. ఊళ్ళోకి తెల్ల సిపాయిలు వచ్చి, నల్లవాళ్ళకు బీరు పోసే చోట మేం తాగం అని భోజనశాలల వాళ్ళను బెదిరించేవారట. కొందరు యజమానులు భయపడి నల్లవాళ్ళను రానివ్వడం మానేశారు. తాత మానలేదు. "ధర్మం కోసమని చెప్పను. నల్ల సిపాయిలు కుర్చీలు విరగ్గొట్టేవారు కాదు. తాతకు కుర్చీలంటే ప్రాణం." మనవరాలు పుట్టాక అదే ఊరు వెనక్కి తిరిగి తిరిగి చూసింది. ఒక ఆఫీసావిడ ఇంటికి వచ్చి, ఇలాంటి పిల్లలు ఇక్కడ ఇమడరు, అమెరికాలో నల్లవాళ్ళ ఇళ్ళకు దత్తత పంపడం మంచిది అంది. నిజంగానే ఎందరినో అలా పంపేశారు. తాత కాసేపు ఆలోచించి, "పంపేదైతే ముందు నా చిన్నకొడుకును పంపండి. ఈ పిల్లకంటే నాలుగింతలు తింటాడు" అన్నాడట. ఆవిడ మళ్ళీ రాలేదు. చిన్నమావయ్య మాత్రం చాలాకాలం తాతతో మాట్లాడలేదు.

నాన్న నాకు చెప్పిన అమెరికా చరిత్రలో ఓడలున్నాయి, తేయాకు పెట్టెలున్నాయి, బానిసల్ని విడిపించిన పెద్దమనిషి ఉన్నాడు. విడిపించాక ఏమైందో ఆ పాఠంలో లేదు. నాన్నను తప్పుపట్టను. ఆయనకు చెప్పినవాళ్ళూ అక్కడే ఆపి ఉంటారు.

మాన్‌హైమ్‌లో మా బండి రద్దయింది. ఆ కబురు జర్మన్‌లో మైకు చెబుతుంటే ఎవరికీ అర్థం కాలేదు, జర్మన్లతో సహా. అప్పుడు వెనకనుంచి అమృతంలా ఒక గొంతు వినిపించింది.

"అక్కా, మీరు తెలుగేనా? గా బండి రాదు. ఇంకో ప్లాట్‌ఫామ్ మీద ఎస్-బాన్ ఉంది, ఉరకాలె!"

జార్‌బ్రూకెన్‌లో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న అమ్మాయి. పేరు మౌనిక, ఊరు హనుమకొండ. మేము ఉరికాం. హెల్గా గారు మా ఇద్దరికంటే ముందు ఉరికారు. బండిలో కూలబడ్డాక పులిహోర డబ్బా మౌనిక చేతిలో పెట్టి మేమెందుకు వెళుతున్నామో చెప్పాను. ఆ పిల్ల తినడం ఆపింది.

"వీసా ఇచ్చే ఔసులాండర్ ఆఫీసుల నాకు అపాయింట్‌మెంట్ దొరకనీకి నెలన్నర పట్టిందని నేను ఏడ్చిన. ఈ అమ్మమ్మకు నాయిన పేరు దొరకనీకి డెబ్బై అయిదేండ్లాయె! ఆ చెల్లె గిన చెప్పకపోతే ఏం జేస్తరక్కా?"

"తెలియదమ్మా. దేవుడి మీద భారం వేశాను."

"దేవుని మీద సగం ఎయ్యుండ్రి. సగం మీరు మొయ్యుండ్రి" అంది. డబ్బా కడిగినంత శుభ్రంగా తిరిగిచ్చింది.

కైజర్స్‌లౌటర్న్‌లో దిగితే వీధిలో సగం అమెరికాయే. దగ్గర్లో వాళ్ళ సైనిక స్థావరం ఉంది. పెద్ద పెద్ద కార్లు, బేస్‌బాల్ టోపీలు. బస్సు మాత్రం జర్మన్. మూడు నిమిషాలు ముందొచ్చి, మా కోసం ఆగనా వద్దా అని ఆలోచించి ఆగింది. అడవి, మలుపులు, మళ్ళీ అడవి. సాయంత్రం నాలుగింటికి ఊరు చేరాం. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు కొందరికి ఇంకా ఈ కథలు వినడం ఇష్టం లేదు.

తాతగారి భోజనశాల ఇప్పటికీ భోజనశాలే. క్రొయేషియా నుంచి వచ్చిన మారియా గారు, ఆవిడ భర్త నడుపుతున్నారు. మేడ మీద రెండు గదులు అద్దెకిస్తారు. పరుపులు గట్టివి, దుప్పట్లు ఎండలో ఆరేసిన వాసన, బాత్రూములో వేడినీళ్ళు పుష్కలం. ఇంతకంటే వైకుంఠంలో ఏం ఇస్తారు? శాకాహారులు కంగారు పడక్కర్లేదు. ఆ ప్రాంతంలో బంగాళదుంపల సూపుతో పాటు రేగుపండులా పుల్లగా ఉండే నీలం ప్లమ్ పళ్ళ కేకు పెడతారు. రెండూ వేరు వేరు అనుకుని నేను కేకు చివరికి దాచుకున్నాను. మారియా గారు వచ్చి, "సూపు ఒక చెంచా, కేకు ఒక కొరుకు" అని చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పారు. నంజుకోవడం తెలిసిన జాతి ఇంకొకటి భూమ్మీద ఉందని ఆనాడు తెలుసుకున్నాను.

ఆదివారం పదిన్నరకు రూత్ గారు టాక్సీలో దిగారు. లేత ఊదా రంగు గౌను, అదే రంగు టోపీ, దానిమీద ఈక, చేతికి తొడుగులు. చర్చికి వెళ్ళి అటునుంచి అటే వచ్చారట. హెల్గా గారు వారం రోజుల సాధనను ఒక్క ఊపిరిలో బయటపెట్టారు. చేతులు చాచి మెట్లు దిగి, "హలో, రూత్!" అన్నారు.

రూత్ గారు తొడుగు వేసిన చెయ్యి ఒకటి ముందుకు పెట్టారు. కౌగిలికి సరిహద్దు రాయిలా. "మిస్ బెల్" అన్నారు.

హెల్గా గారికి అర్థం కాలేదు. ఇంకా గట్టిగా కరిగించాలనుకున్నారు. "ప్రయాణం బాగా జరిగిందా, రూత్? కాఫీ తాగుతారా, రూత్? ఇటు కూర్చోండి, రూత్." పేరు పడినప్పుడల్లా టోపీ మీది ఈక నిటారుగా లేస్తోంది. మారియా గారు వాకిట్లో చెట్టు కింద బల్ల వేశారు. రూత్ గారు బల్ల అంచున కూర్చుని గడియారం చూసుకున్నారు. గంట మొదలైంది.

ఫోటో చూపించారు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, హెల్గా గారి ముక్కు. గుండెపోటుతో పోయాడు, నిద్రలో, నొప్పి లేకుండా. చెప్పేసి ఫోటో సంచిలో పెట్టుకున్నారు. ఇంకా ముప్పావుగంట మిగిలింది. ముగ్గురం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఇంత మర్యాద నేను చావింట్లో కూడా చూడలేదు.

ఇక ఉండబట్టలేక, "రూత్ గారూ, టీ చేయించనా?" అన్నాను.

ఆవిడ నావైపు తిరిగారు. "పేరు వెనక ఏదో అన్నావు. ఏమిటది?"

"గారు అండీ. మా తెలుగువాళ్ళం పేరుకు పట్టే గొడుగు. పెద్దవాళ్ళ పేరు ఎండకూ వానకూ అలా వట్టిగా వదిలేయం."

ఈక మెల్లగా కిందికి వాలింది. "ఈవిడకు చెప్పు, నాకూ ఒక గొడుగు పట్టమని" అన్నారు హెల్గా గారిని చూపించి. అప్పుడు విషయం బయటపడింది.

"మా అమ్మకు యాభై ఏళ్ళు వచ్చాక కూడా తొమ్మిదేళ్ళ తెల్లపిల్లాడు 'బెస్సీ' అని పిలిచేవాడు. అమ్మ వాడిని 'మిస్టర్' అనాలి. మా ఊళ్ళో ఏ తెల్లవాడూ నల్లమనిషి పేరు ముందు మిస్ అనో మిస్టర్ అనో పెట్టేవాడు కాదు. బ్యాంకులో లేదు, పత్రికలో లేదు, కోర్టులో లేదు. మా పక్క రాష్ట్రంలో ఒక యువతిని కోర్టు బోనులో వట్టి పేరుతో పిలిచారు. ఆవిడ 'మిస్' అనేదాకా జవాబు చెప్పనని భీష్మించుకుంది. జైల్లో వేశారు. అది దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టుదాకా వెళ్ళింది. గెలిచింది. బడి పుస్తకాల్లో ఉండదది, నాకు మా నాన్న చెప్పాడు. ఆయన ఇంకొక ఉపాయం పన్నాడు. దుకాణం బోర్డు మీద జె. టి. అని రెండక్షరాలే రాయించాడు. సైన్యం కాగితాల్లోనూ రెండక్షరాలే, సమాధి మీద కూడా అవే. తెలియని పేరుతో ఎవడు మాత్రం ఎలా పిలుస్తాడు? అసలు పేరు వాళ్ళమ్మకు, మా అమ్మకు, నాకు. ఇంటి గడప దాటలేదు."

నేను ఇదంతా నాకొచ్చిన జర్మన్‌లో చెబుతుంటే హెల్గా గారి ముఖం వెలవెలబోయింది. "అయ్యో, ఆ ఇంగ్లీషు టీచరు!" అన్నారు ముందు. తర్వాత లేచి నిలబడి, మా భవనంలో అందరితో మాట్లాడే ఆ పాత పద్ధతిలో, తనకొచ్చిన ఇంగ్లీషులోనే, "క్షమించండి, మిస్ బెల్. నాకు తెలియదు. మా తాత అయితే ఈ తప్పు చేసేవాడు కాదు. మీ నాన్నగారు గుమ్మంలో కనబడితే ఎప్పుడూ 'హెర్ బెల్' అనేవాడట" అన్నారు.

రూత్ గారు బల్ల మీదికి ముందుకు వంగారు.

"నడుముకు కట్టిన గుడ్డకు చెయ్యి తుడుచుకుని అనేవాడా? ఆ చెయ్యి ముందుకు చాపి?"

"మీకెలా తెలుసు?"

"నాన్న చెప్పేవాడు. వెయ్యిసార్లు చెప్పాడు. సొంత దేశంలో శత్రువుల్ని, జర్మన్ యుద్ధఖైదీల్ని, స్టేషన్ హోటల్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి తిండి పెట్టారట. యూనిఫారం వేసుకున్న నాన్నను వంటింటి వెనక్కి వెళ్ళమన్నారట. అలాంటిది ఓడిపోయిన దేశంలో ఒక ముసలాడు చెయ్యి తుడుచుకుని వీధి గుమ్మంలోంచి 'హెర్ బెల్, లోపలికి రండి' అన్నాడని చెప్పేవాడు. అమ్మ నవ్వేది. 'వచ్చింది మళ్ళీ మీ నాన్న హెర్' అనేది. నేను నమ్మలేదు. కట్టుకథ అనుకున్నాను." ఆవిడ గుమ్మం వైపు చూశారు. "అదేనా?"

"అదే. తలుపు మారింది, గడప అదే."

"నాకు ఆ గుమ్మంలోంచి లోపలికి నడవాలని ఉంది. అందుకే వచ్చాను. నీకోసం కాదు." చివరి మాట కొంచెం మెత్తగానే అన్నారు.

గంట దాటిపోయి చాలాసేపైంది. ఎవరూ గడియారం చూడలేదు. పేరు మాత్రం రాలేదు. హెల్గా గారు అడగరు. మాటిచ్చారు కదా, జర్మన్ మాట. లోపల మారియా గారు సూపు గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఇద్దరూ లేచి గుమ్మం వైపు నడిచారు. ఇంకొక నిమిషంలో లోపలికి వెళ్ళి, కూర్చుని, మళ్ళీ మర్యాదలో పడిపోతారు. మౌనిక చెప్పిన సగం భారం గుర్తొచ్చింది. నేను పక్కనుంచి గబగబా మెట్లెక్కి, గుమ్మానికి రెండువైపులా చేతులు ఆనించి, అడ్డంగా నిలబడ్డాను.

"పేరు చెబితేనే దారి" అన్నాను.

రూత్ గారు ఆగారు. "ఏమిటీ?"

"మా ఊళ్ళో ఆచారమండీ. కొత్తగా ఇంట్లో అడుగుపెట్టేవాళ్ళను ఆడపడుచు గుమ్మం దగ్గర ఆపుతుంది. ఎవరు వచ్చారో, ఎవరితో వచ్చారో పేర్లు చెప్పి లోపలికి రావాలి. చెప్పకపోతే రాత్రయినా అక్కడే. నా పెళ్ళిలో నేను మావారి పేరు పలకనని మొండికేశాను. వానలో అరగంట నిలబెట్టారు. ఆఖరికి మావారే తుమ్ముతూ రెండు పేర్లూ ఆయనే చెప్పారు."

"నువ్వు ఈ ఇంటి ఆడపడుచువా?"

"ఇంటివాళ్ళెవరూ మిగల్లేదు. ఇవాళ్టికి నేనే."

"మా నాన్న ఈ గుమ్మంలోంచి వెళ్ళినప్పుడు ఎవరూ అడ్డుపడలేదు."

"పేరు పెట్టి పిలిచారు కదండీ. మీరింకా పేరు చెప్పలేదు. ఎవరి పిల్లలో చెప్పండి, వెళ్ళండి."

లోపలినుంచి మారియా గారు, "సూపు చల్లారుతోంది!" అని అరిచారు. హెల్గా గారు నా జబ్బ పట్టుకుని, "ఫ్రావ్ సూర్యనారాయణ, వదిలెయ్యండి" అన్నారు. నన్ను రమ్మన్నదే మర్యాద తక్కువని, ఇప్పుడు మర్యాద నేర్పితే ఎలా? నేను కదల్లేదు. కదలలేదు కానీ లోపల మాత్రం తల్లీ, తల్లీ అని అమ్మవారిని పిలుచుకుంటూనే ఉన్నాను. రూత్ గారికి కోపం వస్తే టాక్సీ పిలుచుకుని వెళ్ళిపోతారు. ఇక ఆ పేరు భూమ్మీద ఎక్కడా దొరకదు.

"ఆవిడెందుకు పిలిచింది నిన్నలా? అది నీ మొగుడి పేరా?" అని అడిగారు రూత్ గారు.

"మా నాన్న పేరండీ."

"ఈ దేశమంతా నిన్ను మీ నాన్న పేరుతో పిలుస్తుందా?"

"పొరపాటున."

ఆవిడ చాలాసేపు నన్ను చూశారు. తర్వాత హెల్గా గారిని. తొడుగులు ఒకటొకటిగా విప్పి సంచిలో పెట్టుకున్నారు. వట్టి చేత్తో హెల్గా గారి భుజం కిందికి వంచి, టోపీ ఈక చెంపకు గుచ్చుకుంటుండగా, చెవిలో ఏదో చెప్పారు. పొట్టి మాటే. మా ఆచారంలో ఊరంతా వినేలా గట్టిగా చెప్పాలి. కానీ ఏ నియమాన్ని ఎప్పుడు వదలాలో నాన్న నాకు ఇంట్లోనే నేర్పారు.

హెల్గా గారు నిటారుగా నిలబడ్డారు. ఆవిడ అంత పొడుగని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఇద్దరం వచ్చాం" అన్నారు. "మా నాన్న పిల్లలం. తప్పుకో."

తప్పుకున్నాను.

భోజనం దగ్గర రూత్ గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. నేను అన్నపూర్ణను తలుచుకున్నాను. మారియా గారు శిలువ గీసుకున్నారు. ఇంతమంది దేవుళ్ళు కాపలా ఉన్నా అక్కచెల్లెళ్ళు రెండో చెంచాకే పోట్లాటకు దిగారు. నాన్న ఎడమచేతి వాటమని ఒకరు, మా అమ్మ కుడిచేతి వాటమనే చెప్పిందని ఇంకొకరు. "నేను ఆయనతో బతికాను" అని చెల్లెలు. "నేను ముందు పుట్టాను" అని అక్క. "ఆయన మీ ఊళ్ళో సంతోషంగా ఉన్నాడు, మా దగ్గరికి అలిసిపోయి వచ్చాడు" అని రూత్ గారు చెంచా బల్లకేసి కొట్టారు. అప్పుడు హెల్గా గారు కేకులో పెద్ద ముక్క కోసి చెల్లెలి పళ్ళెంలో వేశారు. నాకు చక్కెర జబ్బు అంటూనే రూత్ గారు మొత్తం తినేశారు. టాక్సీ సాయంత్రం అయిదింటికి వచ్చింది.

సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నర బస్సులో తిరుగు ప్రయాణం. వెళ్ళేవారికి ఇంకొక మాట. ఆ ఊళ్ళో చూడటానికి కోట లేదు, మ్యూజియం లేదు, భోజనశాల గోడ మీద ఒక్క ఫలకం కూడా లేదు. సముద్రానికి అటూ ఇటూ ఉన్న రెండు దేశాలూ రాసుకోవడం మరిచిపోయిన చరిత్ర అది, గడప రూపంలో అక్కడ పడి ఉంది. సూపు తాగి, ఆ గడప దాటి రండి. మారియా గారికి నా నమస్కారం చెప్పండి.

కైజర్స్‌లౌటర్న్ దాటాక రైలు అడవిలోకి దూరింది. అక్కడ వరసగా సొరంగాలు. హెల్గా గారు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నారు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. చప్పుడు లేదు. ఒకే మాట, మళ్ళీ మళ్ళీ, ఒకే లయలో. నేను రోజూ పొద్దున్నే దీపం ముందు చేసే పనే కనుక వెంటనే పోల్చుకున్నాను. ఇంకొంచెం పట్టి చూస్తే ఆ మాటేమిటో నాకు తెలిసిపోయేది. తల తిప్పుకున్నాను.

ఎదురుగా కూర్చున్న ఒక ఆఫీసు పెద్దమనిషి ఆవిడను కాసేపు గమనించి, నావైపు వంగి, "ఆవిడకు ఒంట్లో బాగానే ఉందా?" అని నెమ్మదిగా అడిగాడు.

"బాగుందండీ. వాళ్ళ నాన్నగారితో మాట్లాడుతున్నారు."

ఆయన ఆవిడ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయేమోనని వెతికి చూశాడు. అప్పుడే ఇంకో సొరంగం వచ్చింది. "ఇక్కడ నెట్‌వర్క్ అస్సలు ఉండదే!" అన్నాడు చీకట్లోంచి.

"ఇన్నేళ్ళూ లేదు లెండి," అన్నాను, "నిన్న మధ్యాహ్నమే వచ్చింది."